వాద్యాలు లేకుండా ఏడుగురం పాడే జానపదం: శ్రుతి ఎందుకు దిగిపోతోంది, పాట ఎందుకు మారిపోతోంది?

ప్రశ్న: వేళచ్చేరి_వంత

అందరికీ నమస్కారం.

మేము చెన్నైలో స్థిరపడిన ఏడుగురు తెలుగువాళ్ళం. నలుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. పద్నాలుగు నెలలుగా ప్రతి శనివారం సాయంత్రం వేళచ్చేరిలోని మా ఇంటి హాలులో కూర్చుని, ఏ వాద్యమూ లేకుండా కేవలం గొంతులతో జానపద గీతాలూ సినిమా పాటలూ పాడుకుంటున్నాము. దీనిని అకపెల్లా అంటారని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా మూలాలున్న విద్యార్థులు ప్రారంభించిన పెన్ మసాలా బృందం పాటలు కళాశాలలో చదివే రోజుల్లో విని, తెలుగులోనూ ఇలా పాడవచ్చు కదా అని నాకు కలిగిన కోరికే ఈ బృందానికి మొదలు.

మాలో ఒకరిది నెల్లూరు జిల్లా, ఒకరిది శ్రీకాకుళం, ఇద్దరిది చిత్తూరు, నాది ఒంగోలు. మిగిలిన ఇద్దరూ చెన్నైలోనే పుట్టి పెరిగినవారు; ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవడం రాదు కనుక సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుంటారు. నెల్లూరు అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఒక నాట్లపాట మా అందరికీ ప్రాణం. మాలో పియానో నేర్చుకున్న అబ్బాయి దానిని నాలుగు పాయలుగా విడదీసి, సి మేజర్, ఎ మైనర్, డి మైనర్, జి మేజర్ అనే కార్డుల (మూడు స్వరాలు కలిసి పలికే గుంపుల) వలయంలో కూర్చాడు. ఆడవాళ్ళలో పై గొంతు, కింది గొంతు, మగవాళ్ళలో పై గొంతు, మంద్రం ఇలా నాలుగు పాయలూ విడివిడిగా ఎంతో అందంగా ఉన్నాయి.

అయితే రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది శ్రుతి. పాట సిలో మొదలుపెడతాము. పల్లవి నాలుగోసారి వచ్చేసరికి దాదాపు ఒక సెమీటోన్ (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) దిగిపోయి బి దగ్గర తేలుతున్నాము. తప్పు ఎవరిదో పట్టుకోవాలని ఒక్కొక్కరినీ విడిగా పాడించి చూస్తే అందరూ సరిగ్గానే పాడుతున్నారు. ఈ వెతుకులాటలో ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలైంది, అది నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

రెండోది ఇంకా లోతైనది. కిందటి సంక్రాంతికి టి.నగర్‌లో ఒక చిన్న సభలో ఈ పాట పాడినప్పుడు, శ్రీకాకుళం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన కార్యక్రమం అయ్యాక మా దగ్గరకు వచ్చి, "అమ్మా, గొంతులు చక్కగా కలిశాయి. కానీ ఇది ప్రార్థనా గీతంలా ఉంది. నాట్లు వేసేవాళ్ళు నాకు ఎక్కడా కనిపించలేదు" అన్నారు. ఆయన మనసు నొప్పించాలని అనలేదు. ఆ మాట నిజమని ఆ క్షణంలోనే నాకు తోచింది కనుకనే ఇన్ని రోజులైనా మరచిపోలేకపోతున్నాను.

రాబోయే ఉగాదికి ఒక తెలుగు సంఘంవారు మాకు ఇరవై అయిదు నిమిషాలు ఇచ్చారు. వాద్యాలు లేకపోతే జనం కూర్చోరని, కనీసం ఒక కీబోర్డు అయినా పెట్టుకోమని నిర్వాహకులు అంటున్నారు. కీబోర్డు పెట్టుకుంటే శ్రుతి నిలుస్తుంది కానీ మేము చేస్తున్న పనికి అర్థమే ఉండదు. బృందగానంలో అనుభవం ఉన్నవారూ పల్లెపాటలు తెలిసినవారూ దయచేసి దారి చూపగలరు.

జవాబు: మంద్రస్థాయి

వేళచ్చేరి_వంత గారూ, నేను ఈ నగరంలోనే ఇరవై ఏళ్ళకు పైగా బృందగానంలో మంద్రం పాడినవాణ్ణి. ముందుగా మీ బృందంలో అందరికీ ఈ జవాబు చదివి వినిపించండి, ఎందుకంటే మీలో ఎవరూ తప్పు పాడటం లేదు. తప్పు కూర్పులో ఉంది, ఆ కూర్పు చేసిన అబ్బాయిని కూడా తప్పుపట్టనవసరం లేదు, ఎందుకంటే పియానో మీద అది తప్పు కాదు.

పియానో మీద ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు; ఒక్కొక్క భాగం నూరు సెంట్లు. వాద్యం తోడు లేనప్పుడు మన చెవి ఆ సమభాగాలను వెతకదు, స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగిపోయే చోటును వెతుకుతుంది. ఉదాహరణకు షడ్జం (స) మీద అంతర గాంధారం (గ) శుద్ధంగా కలిసే చోటు 386 సెంట్ల దగ్గర ఉంటుంది, పియానోలో అదే గాంధారం 400 దగ్గర ఉంటుంది. మంచి గాయకులు తెలియకుండానే ఆ 14 సెంట్లు దిగి కలుపుకుంటారు. ఇప్పుడు మీ వలయాన్ని చూడండి. సిని స అనుకుంటే, సి మేజర్ అయిన స-గ-ప నుంచి ఎ మైనర్ అయిన ద-స-గకు వెళ్ళేటప్పుడు స, గ రెండూ ఉమ్మడిగా ఉన్నాయి కనుక ద వాటితో శుద్ధంగా కలుస్తుంది. ఆ ద ఆధారంగా రి-మ-ద ఏర్పడుతుంది. ఆ రి ఆధారంగా ప-ని-రి ఏర్పడుతుంది. ఆ ప ఆధారంగా మళ్ళీ స దగ్గరకు వస్తారు. అడుగడుగునా శుద్ధంగా కలుపుకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, మీరు బయలుదేరిన స కంటే మీరు చేరిన స సుమారు 21.5 సెంట్లు కిందికి ఉంటుంది. గణితంలో అది 81కి 80 నిష్పత్తి. పల్లవి నాలుగుసార్లు వస్తుందన్నారు, కాబట్టి నాలుగు చుట్లకు 86 సెంట్లు. సెమీటోన్ అంటే నూరు. మీ లెక్క ఎంత కచ్చితంగా ఉందో చూశారా! చెవులు మొద్దుబారిన బృందం ఇలా దిగదు, బాగా వింటూ పాడే బృందమే దిగుతుంది.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పాటను పాయలు లేకుండా ఏడుగురూ ఒకే వరుసలో నాలుగు పల్లవులు పాడి ఫోనులో రికార్డు చేయండి. తరువాత పాయలతో పాడి రికార్డు చేయండి. మొదటిది నిలిచి రెండోది దిగితే కారణం నేను చెప్పినదే. రెండూ దిగితే ఊపిరిని చూసుకోవాలి: వాక్యం చివర గాలి చాలక స్వరం జారడం, మెల్లగా పాడేటప్పుడు పొట్టలో పట్టు వదిలేయడం, పైనుంచి కిందికి దిగే స్వరాలలో మెట్టును ఎక్కువగా వేయడం ఇవన్నీ శ్రుతిని లాగేస్తాయి.

మందు ఏమిటంటే, రిషభాన్ని (రి) ధైవతం (ద) నుంచి కాకుండా పంచమం (ప) నుంచి తీసుకోవాలి. అందుకు పంచమం ఎవరో ఒకరి గొంతులో ఎప్పుడూ వినిపిస్తూ ఉండాలి. మా బృందంలో మేము మంద్రం పాడేవాళ్ళలో ఇద్దరికి స, ప అప్పగించి, ఊపిరి ఒకేచోట తీసుకోకుండా ఒకరి తరువాత ఒకరు తీసుకునేలా కట్టుబాటు చేసుకునేవాళ్ళము. మీరు ఏడుగురే కనుక అది కష్టమే, కానీ ఆ ప్రయత్నం చేయక తప్పదు.

కీబోర్డు విషయంలో నిర్వాహకులకు నచ్చజెప్పవలసింది ఈ నగర చరిత్రతోనే. మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ 1893 నుంచి ఇక్కడ బృందగానం చేస్తోంది. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ గారు ఒకవైపు మలయాళ చిత్రాలకు సంగీతం చేస్తూనే మరోవైపు మద్రాస్ యూత్ క్వయర్‌ను నెలకొల్పి, సాధారణ ఉద్యోగులనూ విద్యార్థులనూ కూర్చోబెట్టి ఎన్నో భారతీయ భాషలలో పలుపాయల గానం చేయించారు. మన చిత్తూరు బిడ్డ అని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో కానీ, ఈ దారిలో నడిచే ప్రతి తెలుగు బృందమూ ఆయనను తలచుకోవాలి. ఇక జనం కూర్చోరనే మాటకు 1993లో వచ్చిన తిరుడా తిరుడా చిత్రంలోని రాసాత్తి పాటే సమాధానం. షాహుల్ హమీద్ గొంతు, దాని చుట్టూ కోరస్ గొంతులు, అంతే. తెలుగు అనువాద చిత్రంలోనూ మనవాళ్ళు దానిని ఆదరించారు. వాద్యం లేదని ఎవరూ లేచి వెళ్ళలేదు.

పల్లెపాట ప్రార్థనా గీతంలా మారడం గురించి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు. నా అనుమానం మాత్రం చెబుతాను: శ్రుతిని దించుతున్నదీ పాటను మారుస్తున్నదీ ఆ కార్డుల వలయమే.

జవాబు: తంగేడుపూలు

నేను తాంబరంలో ఉంటాను, పుట్టింది కరీంనగర్ దగ్గర పల్లెలో. మంద్రస్థాయి గారి లెక్కలు నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ వారి చివరి వాక్యం నూటికి నూరుపాళ్ళు నిజమని నా చెవి చెబుతోంది.

మన పల్లెపాటలలో ఒకే గొంతుతో సాగేవి కొన్నే. బతుకమ్మ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. దంపుడు పాటలో ఒకరి రోకలి లేస్తుండగా ఇంకొకరి రోకలి పడుతుంది, మధ్యలో సువ్వి అనే మాట దిగుతుంది. పడవ లాగేవారి హైలెస్సా అయినా, గొబ్బి చుట్టూ తిరిగే పిల్లల పాట అయినా అంతే. అంటే పలుగొంతుల అమరిక మన పాటలలో మొదటినుంచీ ఉంది. అది నిలువుగా పేర్చిన అమరిక కాదు, ఒకరి వెనుక ఒకరు నడిచే అమరిక. మీరు చేసినది పాట కింద పునాదులు తవ్వి స్తంభాలు నిలబెట్టడం. పాటకు కావలసింది వెనుక నడిచే మనుషులు.

మా ఊరి బతుకమ్మలో నేను చిన్నప్పుడు గమనించిన ఒక సంగతి చెబుతాను, మీకు అది నేరుగా పనికివస్తుంది. పాట ఎత్తుకునే మా పెద్దమ్మ, వంత పాడేవాళ్ళు ఉయ్యాలో అనడం ముగించేదాకా ఎన్నడూ ఆగేది కాదు. వాళ్ళు ఇంకా చివరి ఓకారాన్ని సాగదీస్తుండగానే తరువాతి చరణంలో మొదటి మాట అందుకునేది. ఆ ఒక్క చప్పట్ల కాలంపాటు రెండు వేర్వేరు స్వరాలు గాలిలో కలిసి ఉండేవి. ఎవరూ దానిని హార్మనీ అని అనుకోలేదు, కానీ నా ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకునేది సరిగ్గా అక్కడే. పాట ఆగకుండా తిరగడానికి ఇరుసు ఆ కలయికే. మీ నాట్లపాటలోనూ అది తప్పకుండా ఉండి ఉంటుంది. నాలుగు పాయలుగా విడదీసేటప్పుడు, ప్రతి వాక్యమూ ముగిసిన తరువాత అందరూ కలిసి ఊపిరి తీసుకునేలా రాసుకుని ఉంటారు, అప్పుడు ఆ ఇరుసు విరిగిపోతుంది.

వంతకు ఇంకొక ప్రయోజనం ఉంది. నడుము వంచి నాటు వేస్తూ వెనక్కి అడుగులు వేసే మనిషికి ఒక్క ఊపిరిలో పెద్ద వాక్యం పాడటం సాధ్యం కాదు. మిగిలినవారు అందుకున్నప్పుడే ఎత్తుగడ మనిషి గాలి పీల్చుకుంటుంది, తరువాతి మాట గుర్తు తెచ్చుకుంటుంది. అందుకే ఆ పాటలలో వాక్యాలు అంత పొట్టిగా ఉంటాయి.

తాళం కోసం నోటితో డ్రమ్ముల చప్పుడు చేయకండి అని నా విన్నపం. సినిమా పాటలకు అది బాగుంటుంది. నాట్లపాటకు పనిలోనే చప్పుడు ఉంది. నారు పీకేటప్పుడు వేర్లకు అంటిన మట్టి పోవడానికి పిడికెడు నారును కాలికేసి కొడతారు, చప్ మని తడి చప్పుడు వస్తుంది. ఆ వెంటనే నారు నీళ్ళలో పడిన చిన్న శబ్దం. ఒకరు అరచేతిని తొడమీద తట్టి, నాలుకతో ఆ రెండో శబ్దం చేస్తే చాలు, పొలం కనిపిస్తుంది. ఆ పెద్దాయనకు కనిపించనిది అదే.

మరొక మాట. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి కనుక గొంతులు కలవడానికి మన భాషంత అనువైనది దొరకదు. కానీ ఆ అచ్చులను మీ ఇష్టం వచ్చినంత సాగదీయకండి. పడు అనే మాటలో మొదటి అక్షరాన్ని నాలుగు మాత్రలు నిలిపితే వినేవారికి పాడు అని వినిపిస్తుంది. సాగదీయవలసి వస్తే మాట చివరి అచ్చును సాగదీయండి, పల్లెలో పాడేవారు చేసేదీ అదే.

జవాబు: సంగీతం_టీచరు

మైలాపూరులో పాతికేళ్ళుగా పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతున్నాను. పై ఇద్దరి మాటలూ విలువైనవే, కానీ మంద్రస్థాయి గారితో ఒకచోట విభేదిస్తున్నాను. వారు కార్డులను సరిదిద్దే ఉపాయం చెప్పారు. నేను అసలు జానపదానికి కార్డులే వద్దంటాను. పల్లెపాటలో గాంధారం ఒకచోట మేకు కొట్టినట్టు ఉండదు. పైకి వెళ్ళేటప్పుడు కొంచెం ఎగిసి, కిందికి దిగేటప్పుడు కొంచెం వాలి, మాటను బట్టి కదులుతుంది. దాని కింద కార్డు పెట్టగానే ఆ కదలిక ఆగిపోతుంది. పాట ప్రార్థనా గీతంలా వినిపించడానికి నా దృష్టిలో ముఖ్య కారణం ఇదే. కదలిక లేని స్వరం ఎంత శుద్ధంగా ఉన్నా ఆ పాటది కాదు.

అలాగని ఏడుగురూ గమకాలు (స్వరాన్ని ఊపే పలుకులు) వేయకూడదు. ఒకరి ఊపు ఇంకొకరి ఊపుతో సరిగ్గా కలవదు కనుక బురదలా వినిపిస్తుంది. ఎత్తుగడ గొంతుకు మాత్రమే గమకం ఇవ్వండి, వంతవారు అదే వరుసను సాదాగా పాడాలి, ఆధారశ్రుతి పట్టేవారు అసలు కదలకూడదు. వాక్యం షడ్జం మీదనో పంచమం మీదనో వాలినప్పుడు రెండో స్వరం చేర్చాలని అనిపిస్తే చేర్చండి, అక్కడ పాటకు నొప్పి కలగదు.

గొంతుతో ఆధారశ్రుతి పట్టడం చెప్పినంత తేలిక కాదు. నా శిష్యులకు ఇలా చేయిస్తాను: తంబుర పెట్టి పాడించి, ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాటు దానిని ఆపేసి, మళ్ళీ పెడతాను. ఆపిన చోట ఎంత జారారో పిల్లలకే తెలుస్తుంది. తరువాత రెండు ఆవర్తనాలు, ఆపైన నాలుగు. మీరు రోజూ పదిహేను నిమిషాలు ఇలా చేస్తే ఉగాది నాటికి వేదిక మీద తంబుర అవసరం ఉండదు.

తమిళ లిపిలో రాసుకునే మీ ఇద్దరి విషయం ఎవరూ ప్రస్తావించలేదు. తమిళంలో క, గలకు ఒకే అక్షరం. త, దలకూ ప, బలకూ అంతే. అందరూ గట్టిగా గ అంటున్నప్పుడు ఇద్దరు క అంటే, శ్రుతి కలిసినా మాట కలవదు, వినేవారికి కారణం తెలియని మసక కనిపిస్తుంది. ఇక్కడి సంగీత పుస్తకాలలో తెలుగు కృతులను తమిళ లిపిలో అచ్చువేసేటప్పుడు అక్షరం పైన 1, 2, 3, 4 అంకెలు వేస్తారు. క మీద 3 ఉంటే గ అని చదువుకోవాలి. ఆ పద్ధతి వారికి చిన్నప్పటినుంచీ పరిచయమే అయి ఉంటుంది. సాహిత్యం అలా రాసి ఇవ్వండి.

జవాబు: మిక్సర్_వెనుక

సభలకు మైకులు పెట్టే పని నాది. పాట సంగతి పెద్దలు చెప్పారు, అది జనం చెవిలో పడే సంగతి నేను చెబుతాను.

వేదిక మీద గాయకుల మైకులన్నింటికీ లో-కట్ అనే మీటను నొక్కి ఉంచడం మాకు అలవాటు. సుమారు 80 నుంచి 100 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలను అది తీసేస్తుంది, గాలి చప్పుడూ వేదిక మీద అడుగుల చప్పుడూ రాకుండా ఉంటుంది. కానీ మంద్రం పాడేవారి అడుగు స్వరం 82 హెర్ట్జ్ దాకా దిగవచ్చు. వాద్యాలు లేని బృందంలో ఆ ఒక్క గొంతే పునాది, దానికి కోత పడితే మిగిలిన ఆరు గొంతులూ గాలిలో వేలాడతాయి. ఆ ఒక్క మైకుకు లో-కట్ తీసేయమని సౌండ్ చూసేవారిని తప్పకుండా అడగండి. ఆ పాయ పాడే అబ్బాయిని మైకుకు రెండు వేళ్ళ దూరంలో పాడమనండి, దగ్గరగా పాడితే మంద్రం నిండుగా పలుకుతుంది.

మిగిలినవారి నోటికీ మైకుకూ మధ్య ఎంత దూరం ఉంటే, ఒక మైకుకూ ఇంకొక మైకుకూ మధ్య దానికి మూడింతలు ఉండాలి. లేకపోతే ఒకరి గొంతు రెండు మైకులలో పడి డొల్లగా వినిపిస్తుంది. ఏడింటికీ ఒకే రకం మైకులు అడగండి. మీరు ఒకరినొకరు వినడానికి ఎదురుగా మానిటర్లు (మీవైపు తిప్పిన స్పీకర్లు) కనీసం రెండైనా కావాలి. ఫ్యాన్ల హోరు ఉన్న హాలులో మానిటర్లు లేకుండా పాడితే శ్రుతి సాధన అంతా వృథా అవుతుంది. హాలులో ప్రతిధ్వని ఎక్కువైతే మాటలు స్పష్టంగా వినిపించవు కనుక రివర్బ్ (మిక్సర్ కలిపే ప్రతిధ్వని) తగ్గించమనండి.

సినిమా పాటలు పాడుతున్నారు కనుక, బహిరంగ ప్రదర్శనకు ఐపిఆర్ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) అనుమతి తీసుకున్నారో లేదో నిర్వాహకులను ముందే అడిగి తెలుసుకోండి. అది సాధారణంగా నిర్వాహకులు చూసుకునే పని.

వేళచ్చేరి_వంత:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూడకుండా కృతజ్ఞత చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

మంద్రస్థాయి గారు చెప్పిన పరీక్ష మొదటి శనివారమే చేశాము. ఒకే వరుసలో పాడినప్పుడు శ్రుతి దాదాపు కదలలేదు, పాయలతో పాడినప్పుడు ఎప్పటిలాగే బి దగ్గరకు చేరాము. ఆ రెండు రికార్డింగులూ ఒకదాని తరువాత ఒకటి విన్నప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కూర్పు చేసిన అబ్బాయే లేచి, నాట్లపాట కాగితాలు తీసి పక్కన పెట్టాడు. కార్డులు సినిమా పాటలకు ఉంచుకున్నాము, ఈ పాటకు తీసేశాము.

ఇప్పుడు నెల్లూరు అమ్మాయి ఎత్తుకుంటుంది, ముగ్గురం వంత పాడుతున్నాము, ఇద్దరు స, ప పట్టుకుంటున్నారు, ఒకరు తొడమీద నారు చప్పుడు చేస్తున్నారు. తంగేడుపూలు గారు చెప్పిన ఇరుసును వెతకడానికి ఆమె వాళ్ళ అమ్మమ్మకు వీడియో కాల్ చేశాము. మేము వంత అందుకోగానే ఆవిడ చేయి అడ్డం పెట్టి, ఆలస్యంగా వస్తున్నారని ఆపేశారు. ఫోనులో శబ్దం ఆగి ఆగి వెళ్ళడం వల్లనేమో అనుకుని రికార్డు చేసి పంపాము, అది విని కూడా అదే మాట అన్నారు. మూడోసారి తనే పాడి పంపారు. రెండో వాక్యంలో చివరి మాట ఇంకా సగంలో ఉండగానే వంత రావాలట. మేము మొత్తం వాక్యం అయ్యేదాకా మర్యాదగా ఆగుతున్నాము. ఆ సగం మాట ముందు దూరడం నేర్చుకోవడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. నిన్న పాడిన నాలుగు పల్లవులలో శ్రుతి పదిహేను సెంట్లు మాత్రమే దిగింది.

అంకెలు వేసి రాసిచ్చిన కాగితాలు చూసి మా ఇద్దరు చెన్నై పిల్లలూ ఎంత సంతోషించారో చెప్పలేను. ఒక అమ్మాయి ఇన్నేళ్ళూ తాను పలుకుతున్నది తప్పని ఎవరూ చెప్పలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒక్క సందేహం మిగిలింది. మా ఆడవాళ్ళకు అయిదు శ్రుతి (స జి మీద) హాయిగా ఉంటుంది, మగవాళ్ళకు ఒకటి (స సి మీద). నాట్లపాటను ఆడవాళ్ళ శ్రుతిలో పెడితే మగవాళ్ళు వంత అందుకోలేక గొంతు చించుకుంటున్నారు, వాళ్ళ శ్రుతిలో పెడితే ఎత్తుగడ గొంతులోనే ఉండిపోతోంది. మధ్యలో మూడు శ్రుతిలో పెడితే ఇద్దరికీ ఇబ్బందే. ఏం చేయమంటారు?

మంద్రస్థాయి:

ఆ అమ్మమ్మ గారికి నా నమస్కారాలు తెలియజేయండి. సంగీతం_టీచరు గారి మాటకు కూడా తలవంచుతున్నాను. కార్డులు తీసేశాక మీరు చేరిన చోటు వారు చూపించినదే.

శ్రుతి విషయంలో మధ్యేమార్గం వద్దు. ఒకటి శ్రుతికి పంచమమే అయిదు శ్రుతి, అంటే మీ మగవాళ్ళ ప మీ ఆడవాళ్ళ స. పాటను పూర్తిగా ఆడవాళ్ళ శ్రుతిలోనే ఉంచి, మగవాళ్ళకు వరుస పాడే పని తీసేయండి. వారిలో మంద్రం అబ్బాయి ఆడవాళ్ళ షడ్జాన్ని ఒక స్థాయి కింద పడతాడు, రెండో అతను దాని పంచమం పడతాడు, ఆ రెండూ వారికి ఇబ్బంది లేని చోట్లే పడతాయి. మూడో అతనికి నారు చప్పుడు అప్పగించండి. ఎత్తుకునేదీ అందుకునేదీ ఆడవాళ్ళే కావడం నాట్లపాటకు సహజం కూడా. మగవాళ్ళు వరుస పాడే అవకాశం కావాలంటే తరువాతి పాటగా ఒక పడవపాట తీసుకోండి. నాట్లపాట ముగిసిన షడ్జాన్ని మంద్రం అబ్బాయి వదలకుండా పట్టుకుని ఉంటే, మిగిలిన ఇద్దరూ దానినే తమ పంచమంగా తీసుకుని ఒకటి శ్రుతిలో హైలెస్సా ఎత్తుకోవచ్చు. మధ్యలో శ్రుతి పెట్టె మోగించవలసిన పని కూడా ఉండదు.